నాలో లేని గడి

ఎఱ్ఱగుడ్డ అట్టతో, తెల్లదారపు కుట్టుతో బెజవాడ కొట్టులో పుట్టి, పెనుగొలనులో ఒక మిరపరైతు ఇల్లు చేరిన చిట్టాపుస్తకమును నేను. కూలి, ఎరువు, గోనెసంచులు, గుంటూరు యార్డునకు లారీకిరాయి, ఇట్టి పద్దులతో నా తొలిపుటలు నిండియుండగా, ఆ యేడు ధర పడిపోవుటచే ఇక వ్రాయుటకు మనసొప్పక యజమాని నన్ను అటకపై పడవైచెను. తొమ్మిదవ తరగతి చదువుచున్న ఆయన కుమారుడు నన్ను దింపి, దుమ్ము దులిపి, ఊరి క్రికెట్ జట్టునకు స్కోరుపుస్తకముగా నియమించెను.

“ఏరా, మిరపకాయల చిట్టాలో ఈ పరుగులేంట్రా?” అని తండ్రి అడుగగా, “ఇవీ పద్దులే నాన్నా” అని వాడు తల యెత్తకయే బదులు చెప్పెను.

మా వంశమునకు ఈ కొలువు క్రొత్తది కాదు. ఇంగ్లాండులో పుట్టి అమెరికా చేరి, మొదట క్రికెట్ వార్తలు వ్రాసిన హెన్రీ చాడ్విక్ అను విలేకరి, 19వ శతాబ్దిలో మా స్కోరుపట్టిక పోలికలనే బేస్‌బాల్ ఆటకు అలవరచెను. అయితే ఆ మహనీయుడు ఒక గడిని చిన్నచూపు చూచెను. బంతి విసరువాడు గురి తప్పినప్పుడు, బ్యాటు పట్టినవాడు ఓపికతో నిలిచి, కొట్టకయే మొదటి బేసునకు నడచిపోవును. ఆ నడక విసరినవాని తప్పేగాని నిలిచినవాని ప్రజ్ఞ కాదని ఆయన తీర్పు. ఆ తీర్పే నూఱేండ్లకు పైగా చెల్లెను. 1977లో, కాన్సాస్‌లోని ఒక డబ్బా ఆహారపు కర్మాగారమున రాత్రికావలి కాయు బిల్ జేమ్స్ స్వంతముగా లెక్కలపుస్తకము వెలువరించి ఇట్టి తీర్పులను తిరుగదోడసాగెను. 2002లో న్యూయార్క్ యాంకీస్ జట్టు జీతములకు 12 కోట్ల డాలర్లకు పైగా పోయుచుండగా, ఓక్లాండ్ జట్టు నిర్వాహకుడు బిల్లీ బీన్ దాదాపు 4 కోట్లతోనే, ఆ నడకల ఓపిక గలవారిని చవుకగా సమకూర్చుకొనెను. రంగు తగ్గినను ఘాటు తగ్గని కాయను తాలు ధరకు కొను వర్తకుని నేర్పే అది. వరుసగా 20 ఆటలు గెలిచి, యాంకీస్‌తో సమానముగా 103 విజయములు గడించిన ఆ జట్టు, తుదిపోటీల తొలి అంచెలోనే మిన్నెసోటా చేత ఓడెను.

మన హైదరాబాదు సంగతియు విచిత్రమే. 2008 ఐపీఎల్ క్రికెట్ వేలమున హైదరాబాదు జట్టగు డెక్కన్ చార్జర్స్ వారు ఆటగాడు సైమండ్స్‌ను 13.5 లక్షల డాలర్లకు పాడుకొని, ఆ యేట 14 ఆటలలో 2 మాత్రమే గెలిచి అట్టడుగున నిలిచిరి. మఱుసటి యేడే గిల్‌క్రిస్ట్ నాయకత్వమున కప్పు నెత్తిరి. ఈ రెండును ఏ పద్దుక్రింద కట్టవలయునో నావంటి పాతచిట్టాకు తెలియలేదు.

ఇక మా జట్టులో, మామిడితోట మీదుగా సిక్సర్లు కొట్టు బలశాలి యొకడుండెను. వాడు దిగినాడన్నచో రచ్చబండ ఖాళీ యగును. మా బాలుడు పరుగుల గడి ప్రక్కన, స్కేలు లేక చెప్పు అంచు నానించి, వంకరగీత గీసి “ఖాళీ బంతులు” అని పేరు పెట్టెను. పరుగు రాని ప్రతి బంతికి ఒక చుక్క. నాలుగు ఆదివారములు గడచునప్పటికి ఆ బలశాలి గడి చీమలబారువలె నల్లబడెను. గేదెలను గట్టున విడిచి వచ్చి ఆడిపోవు ఒక బక్కపిల్లవాని గడి మాత్రము, ఒక్కొక్క పరుగే తీయుచుండుటచే, దాదాపు తెల్లగానే యుండెను.

“వీణ్ణి ముందు దింపుదాం బాబాయ్.”

“సిక్స్ కొట్టేవాణ్ణి వెనక్కి పంపితే జనం ఊరుకుంటారట్రా?”

తుదకు తిరువూరు పందెమున దింపిరి. వాడు చక్కగనే ఆడెను. జట్టు మాత్రము, ఎవరో సులువైన క్యాచి జారవిడుచుటచే ఓడెను. క్యాచి విడుచువారికి నాలో గడి లేదు.

ఆ రాత్రి యజమాని నన్ను ఒడిలో నుంచుకొని ఆ చుక్కలను చాలసేపు చూచెను. పిదప తన పాతపుటలకు మరలి, కూలి పద్దు ప్రక్కన పెన్సిలుతో గీత గీసి, పైన “ఇంటివాళ్ల కూలి” అని వ్రాసి, లోపలికి కేక వేసెను: “ఏమేవ్, ఆ యేడు నువ్వెన్ని రోజులు కాయ కోశావు?” ఆమె చేటలోని బియ్యము ప్రక్కకు నెట్టి, సంక్రాంతి మొదలుకొని వ్రేళ్లు మడువసాగెను.