ఆదివారపు రేసుగాడు

ఆదివారపు రేసుగాడు సోమవారం నుంచి శుక్రవారం దాకా మామూలు ఉద్యోగే. హైదరాబాద్‌లో కొండాపూర్ నుంచి ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్ దాకా, రెండో గేరు దాటకుండా, అందరిలాగే వెళ్లి వస్తాడు. ఏడాదికి రెండు మూడు వారాంతాల్లో మాత్రం అదే కారును రేస్ ట్రాక్ మీద తోలతాడు. డబ్బు కట్టి ఎవరైనా సొంత బండితో చుట్లు కొట్టగలిగే అలాంటి రోజును ట్రాక్ డే అంటారు. అక్కడ పోటీ ఉండదు, కప్పు ఉండదు. ఉంటే ఇతను వెళ్లకపోవచ్చు.

ఈ కోవవాళ్లు ముప్పైకీ నలభైకీ మధ్య కనిపిస్తారు. బండి చాలావరకు తయారీ ఆగిపోయిన పోలో జీటీ, కాకపోతే పాత స్విఫ్ట్. ఈ పిచ్చి ఎప్పుడు పట్టిందని అడిగితే 2023 ఫిబ్రవరిలో హుస్సేన్ సాగర్ ఒడ్డున జరిగిన ఫార్ములా ఈ రేసు పేరు చెబుతారు. ఆ కరెంటు కార్లు వేగం తగ్గించే పనిలో ఎక్కువ భాగం మోటారుకే వదిలేసి బ్రేక్ ప్యాడ్లను పొదుపుగా వాడుకుంటాయి. అది చూసి వచ్చిన ఇతను ప్యాడ్ల మీదే ఆస్తి తగలేస్తున్నాడు.

హైదరాబాద్ రేసుగాడు ఎక్కువగా వెళ్లేది శ్రీపెరుంబుదూరు దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్‌కు. మద్రాస్ మోటార్ స్పోర్ట్స్ క్లబ్ వారిది, 1990లో మొదలైంది, చుట్టు 3.7 కిలోమీటర్లు. అల్లుడు శ్రీపెరుంబుదూరు వెళ్తున్నాడంటే అత్తగారు సంతోషిస్తారు. రామానుజుల వారు పుట్టిన ఊరు కదా, దర్శనం చేసుకొస్తాడని. అల్లుడు ఆ మాట ఖండించడు.

అసలు చిక్కు ఈ ప్రయాణంలోనే ఉంది. నార్కట్‌పల్లి, అద్దంకి, ఒంగోలు, నెల్లూరు మీదుగా ఆరు వందల కిలోమీటర్లకు పైగా అదే కారులో వెళ్లాలి, దాన్ని ట్రాక్ మీద చావబాదాలి, మళ్లీ అదే కారులో సోమవారం నాటికి ఆఫీసుకు చేరాలి. కాబట్టి రెండు పనులకూ పనికొచ్చే ఒకే జత బ్రేక్ ప్యాడ్లు కావాలంటాడు. పెళ్లి సంబంధం చూసినప్పుడు కూడా ఇన్ని షరతులు పెట్టలేదని ఇంట్లో వాళ్లు గుర్తుచేస్తుంటారు.

కోరిక అన్యాయమైనదేమీ కాదు, లెక్కే కుదరదు. 160 వేగంతో పోతున్న 1200 కిలోల కారును మలుపు ముందు 80కి దించాలంటే సుమారు తొమ్మిది లక్షల జౌల్స్ శక్తి వేడిగా మారాలి. మూడు లీటర్ల కుళాయి నీళ్లను మరిగించగల వేడి మూడు నాలుగు సెకన్లలో పుడుతుందన్నమాట. చుట్టుకు నాలుగైదు సార్లు అలా పుడుతూనే ఉంటుంది, చల్లారే వ్యవధి ఉండదు. ఊళ్లో 60 మీద వస్తూ సిగ్నల్ దగ్గర ఆగితే పుట్టేది అందులో అయిదో వంతు కూడా కాదు. ట్రాక్ వేడిలో మూడింట రెండు వంతులకు పైగా ముందు బ్రేకుల మీదే పడుతుంది. వెనక ఉన్నవి డ్రమ్ములు. వాటి ప్రస్తావన ఇతని దగ్గర తేకూడదు.

ఊళ్లో బ్రేకు వేస్తే ప్యాడ్ ఒరుసుకునే డిస్కు వేడి సాధారణంగా 200 డిగ్రీల లోపే. ట్రాక్ మీద 500 దాటడం మామూలు. కంపెనీ బిగించి ఇచ్చే ప్యాడ్ మొదటిదానికి పుట్టింది. అందులోని పీచునూ పొడినీ కలిపి పట్టి ఉంచేది రెసిన్. వేడి మితిమీరితే ఆ రెసిన్ కాలి వాయువులు వదులుతుంది, ప్యాడ్‌కూ డిస్కుకూ మధ్య పట్టు సడలుతుంది. దీన్నే ఫేడ్ అంటారు. రేసు ప్యాడ్‌లో లోహం ఎక్కువ, వేడికి బెదరదు. కానీ చల్లగా ఉన్నప్పుడు దానికి పట్టు తక్కువ. అపార్ట్‌మెంట్ సెల్లార్ నుంచి బయటికొచ్చే ర్యాంపు మీద, తెల్లవారుజామున, స్కూలు బస్సుకు ఎదురుగా ఆ సంగతి తెలిసొస్తుంది. చల్లటి రేసు ప్యాడ్ డిస్కును కూడా గీరి త్వరగా అరగదీస్తుంది.

ఈ రెండిటి మధ్యా ఉండే ప్యాడ్ కోసం రేసుగాడు నెలల తరబడి పరిశోధిస్తాడు. ఫెరోడో డీఎస్2500 గొప్పదా, ఈబీసీ యెల్లోస్టఫ్ గొప్పదా అన్న చర్చలో భోజనం చల్లారిపోతుంది. ఫెరోడో కంపెనీని 1897లో ఇంగ్లండ్‌లో పెట్టిన హెర్బర్ట్ ఫ్రూడ్, కొండదారుల్లో బళ్లవాళ్లు చక్రానికి పాత బూటు ఆనించి ఆపుతుంటే చూశాడన్న కథ కూడా ఇతను చెబుతాడు, సాధారణంగా ఎవరూ అడగనప్పుడు. ప్యాడ్ అంచున అచ్చువేసే రెండక్షరాల గుర్తును జాతకంలా చదువుతాడు. మొదటి అక్షరం మామూలు వేడిలో ఉండే పట్టును, రెండోది బాగా కాగాక ఉండే పట్టును చెబుతాయి. ఈ అంటే రాపిడి గుణకం 0.25 నుంచి 0.35, ఎఫ్ అంటే 0.45 దాకా, జీ అంటే 0.55 దాకా. రెండూ జీలైతే మురిసిపోతాడు. కానీ ఆ అక్షరాలివ్వడానికి ప్యాడ్‌ను కాచి చూసే పరీక్ష సుమారు 345 డిగ్రీల దగ్గరే ఆగిపోతుంది, 500 దగ్గర ప్యాడ్ ఏం చేస్తుందో ఆ అక్షరాలకు తెలియదు. ఇక కంపెనీలు వేసే వేడి గ్రాఫులు ఎవరి పద్ధతిలో వారు గీసుకున్నవి. ఒకరి గ్రాఫు పక్కన ఇంకొకరిది పెట్టి పోల్చడం వృథా శ్రమ. ఇతని శనివారాలు అందులోనే గడుస్తాయి.

కొత్త ప్యాడ్లు బిగించే రోజు మెకానిక్ పాతవి విప్పి చేతిలో తిప్పి చూస్తాడు. "అన్నా, ఇవి మంచిగనే ఉన్నయ్ గదా, ఎందుకు మారుస్తున్నవ్?" రేసుగాడు ఫేడ్ గురించి చెబుతాడు. మెకానిక్ తలూపి, చాయ్ చెబుతాడు.

తర్వాతది మచ్చిక. కొత్త ప్యాడ్ తన పదార్థాన్ని పలుచటి పొరగా డిస్కు మీద సమంగా పరచాలి, పట్టు కుదిరేది ఆ పొరతోనే. ఇందుకు పూర్తిగా ఆగకుండా, మంచి వేగం నుంచి గట్టిగా పదే పదే తగ్గించి, ఆపై బ్రేకు ముట్టకుండా చల్లార్చాలి. వేడి మీద ఉండగా కాలు అదిమిపెట్టి ఆపితే ప్యాడ్ ముద్ర డిస్కు మీద ఒకచోట పడుతుంది, తర్వాత బ్రేకు వేసినప్పుడల్లా స్టీరింగు వణుకుతుంది. డిస్కు వంగిందని చాలామంది మార్పించేది ఈ మచ్చనే చూసి. రేసుగాడు ఈ తంతుకు ఔటర్ రింగ్ రోడ్డును ఎంచుకుంటాడు. నిక్షేపంగా పోతున్న కారు ఉన్నట్టుండి నీరసించి, మళ్లీ ఉరికి, మళ్లీ నీరసిస్తుంటే వెనకవాళ్లు పక్కకు తప్పుకుని తాగి నడుపుతున్నాడేమోనని లోపలికి చూస్తారు. ఇది ఏ రోడ్డు మీదా చేయాల్సిన పని కాదు. ట్రాక్ డే మొదటి చుట్లలోనే కానివ్వవచ్చు, కానీ అక్కడి చుట్లకు డబ్బు కట్టాడు కదా.

వారం తిరక్కుండా కూత మొదలవుతుంది. గట్టి ప్యాడ్ డిస్కు మీద కంపిస్తే పుట్టే చప్పుడు అది. వాచ్‌మన్ మలుపులోనే గుర్తుపట్టి గేటు తీస్తాడు, కాలనీలో దక్కే మర్యాద అంతవరకే. ఇనుప ధూళితో తెల్లటి చక్రాలు నాలుగు రోజుల్లో ఇటుక రంగుకు తిరుగుతాయి. పండక్కి వచ్చిన అత్తగారు చెవులు మూసుకుని, "ఆ బ్రేకుల్లో కాస్త నూనె వేయించండి అల్లుడుగారూ" అంటారు. ఈ మనిషి అందుకున్న బ్రేకుల సలహాల్లో ఇంతకంటే ప్రమాదకరమైనది లేదు. అత్తగారు కాబట్టి చూద్దామంటాడు.

తీరా ట్రాక్ మీద అయిదో చుట్టులో పెడల్ మెత్తబడి నేలకు దిగుతుంది. ప్యాడ్ల ఎంపిక తప్పిందని రేసుగాడు అక్కడికక్కడే తీర్మానిస్తాడు. తప్పు వాటిది కాదు. ప్యాడ్ ఫేడయితే పెడల్ గట్టిగానే ఉంటుంది, బండి ఆగదు. పెడల్ దిగబడిందంటే బ్రేక్ ఆయిల్ మరిగి ఆవిరైందని అర్థం. ఆ ఆయిల్ గాలిలోని తేమను పీలుస్తుంది. డాట్ 4 రకం కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగకూడదు. నీరు 3.7 శాతం చేరిన దానికి ఆ హద్దు 155 మాత్రమే. మూడు వానాకాలాలు చూసిన ఆయిల్ పోసుకుని, పదివేల రూపాయల ప్యాడ్లను ఇతను తిడుతుంటాడు. ఈ మనిషికి ప్యాడ్ల గురించి తెలియనిది లేదు. ఆయిల్ ఎప్పుడు మార్పించాడో మాత్రం తెలియదు. అతని ఖర్చులన్నిట్లో చవకైనదీ ముందు చేయాల్సినదీ అదే.

ఆ పైన కూడా ఒకే జత కావాలంటే ఊరి వైపు మొగ్గిన మధ్యరకం ప్యాడ్ తీసుకుని, మూడు నాలుగు చుట్లకోసారి ఒక చుట్టు మెల్లగా తిరిగి బ్రేకులు చల్లార్చుకోవాలి. తేలికపాటి కారుకు అది చాలు. అంతకు మించి తోలేవాడికి రెండు జతలు తప్పవు. డిక్కీలో జాకీ, స్పానర్లు, రేసు ప్యాడ్లు పెట్టుకెళ్లి అక్కడే మార్చుకోవడం చేయి తిరిగినవాడికి గంట పని. రెండూ ఒకే కంపెనీ ఒకే కుటుంబానివైతే డిస్కు మీది పొరలు పెద్దగా తగువులాడవు. ప్యాడ్లను డిస్కుకు అదిమే కాలిపర్ పిస్టన్ వెనక్కి నొక్కేటప్పుడు ఆయిల్ డబ్బా పొంగి పెయింటు మీద పడకుండా చూసుకోవాలి, అది రంగును తినేస్తుంది. ఇక ట్రాక్ మీద ప్యాడ్ సగం అరిగితే చాలు, తీసేయడమే మేలు. పలుచనైన ప్యాడ్ వేడిని కాలిపర్‌కూ ఆయిల్‌కూ నేరుగా అందిస్తుంది.

రేసుగాడి దశ సాధారణంగా మొదటి బిడ్డతో ముగుస్తుంది. కారు అమ్మకానికి వస్తుంది. చూడవచ్చిన పెద్దాయనకు ప్యాడ్ల చరిత్రంతా వినిపిస్తే ఆయన శ్రద్ధగా విని, మైలేజీ ఎంతిస్తుందని అడుగుతాడు. చల్లటి ఇంజనుతో వీధి చివరిదాకా నడిపి, బ్రేకులు వీకుగా ఉన్నాయని, పైగా కూస్తున్నాయని పదిహేను వేలు తగ్గించమంటాడు. మర్నాడు మెకానిక్ అటక మీది కంపెనీ ప్యాడ్లను దులిపి బిగిస్తాడు. బేరం కుదురుతుంది.