మాస్టారింటి పాత డిస్కుని నేను

బీరువా కింది అరలో, మాస్టారి భార్య పట్టుచీరల పక్కన, ఒక పాలిథిన్ కవర్లో ఉంటున్నాను. అరచేయంత లోహపు పెట్టెని. అరకిలోకి కాస్త అటూ ఇటూ తూగుతాను. ఎనిమిదేళ్ళు ఈ తెనాలి ఇంట్లో కంప్యూటర్ లోపల తిరిగాను.

మాస్టారు నన్ను 2011 డిసెంబరులో విజయవాడలో కొన్నారు. అంతకు ముందే థాయ్‌లాండ్‌లో వరదలొచ్చి మా డిస్కులు తయారయ్యే ఫ్యాక్టరీలు మునిగాయి. ఎక్కడో నీళ్ళొస్తే ఇక్కడ బెజవాడ కొట్లో మా ధర దాదాపు రెట్టింపయింది. అయినా కొన్నారు. రిటైరయ్యాక రాసుకోవాలని ఎన్నేళ్ళ నుంచో అనుకుంటున్నారు మరి. ఇంటికొచ్చి బిగించగానే, "500 జీబీ అని రాసి 465 చూపిస్తోందేమిటి?" అని కంగారుపడ్డారు. నన్ను చేసినవాళ్ళు వెయ్యి చొప్పున లెక్కిస్తారు, విండోస్ 1024 చొప్పున లెక్కిస్తుంది. తేడా అంతే, తగ్గిందేమీ లేదు.

నా లోపల అద్దంలా మెరిసే గుండ్రటి పళ్ళెం ఉంది. నిమిషానికి 7200 చుట్లు, అంటే సెకనుకి 120. దానిమీద అక్షరాలు చదివే తల పళ్ళేన్ని తాకదు. వెంట్రుకని వేల పొరలుగా చీలిస్తే అందులో ఒక పొరంత ఎడంలో తేలుతూ ఉంటుంది. 2012, 2013 వేసవుల్లో ఎంతెంత కరెంటు కోతలో మీకు గుర్తుండే ఉంటుంది. యూపీఎస్ కూడా చేతులెత్తేసి కరెంటు ఠక్కున పోయినప్పుడల్లా, పళ్ళెంలో మిగిలిన తిరుగుడు నుంచే కాస్త కరెంటు పుట్టించుకుని తలని పక్కకి లాక్కునేదాన్ని. ఆ ఒక్క క్షణం ఆలస్యమైతే తల పళ్ళెం మీద పడి గీత పెడుతుంది.

అలా కాపాడుకున్నవి ఏమిటంటారా? మాస్టారు అను ఫాంట్‌లో కొట్టుకున్న ఊరి కథలు, అమ్మాయి పెళ్ళి ఫోటోలు, బ్యాంకు కాగితాల స్కాన్లు. ఇంకా "న్యూ ఫోల్డర్ 3" అనే పేరున్న ఫోల్డర్లో ఒకే ఒక్క పాట. 2013లో మాస్టారి అమ్మగారు మంచం మీద కూర్చుని తిరగలి పాట పాడుతుంటే మనవరాలు సెల్‌ఫోన్‌లో పట్టి నాలో వేసింది. ఆ మరుసటి ఏడు ఆవిడ పోయారు. అప్పటికి ఆవిడ గొంతు ఇంకెక్కడా లేదు.

2020 భోగి నాడు, సాయంత్రం, నాలో మొదటిసారి టక్ మంది. విండోస్ 7కి మైక్రోసాఫ్ట్ మద్దతు ఆపేసిన రోజు కూడా అదే. తల తన చోటు వెతుక్కోలేక వెనక్కీ ముందుకీ కొట్టుకుంటోంది. పండక్కొచ్చిన అమ్మాయి ఆ చప్పుడు విని వెంటనే షట్‌డౌన్ చేసింది. మళ్ళీ ఆన్ చేసి చూద్దామని ఎవరు అడిగినా ఒప్పుకోలేదు. ఆ పిల్ల మొండితనమే నన్ను బతికించింది. చెడుతున్న డిస్కు తిరిగే ప్రతి నిమిషమూ దాని ఆయుష్షులోంచి పోయేదే.

పండగ వెళ్ళాక, కంప్యూటర్లు బాగుచేసే అబ్బాయి వచ్చాడు. మాస్టారి దగ్గర పదో తరగతి చదివినవాడే. స్క్రూ డ్రైవర్ తీయకముందే ఒక మాట అడిగాడు.

"మాస్టారూ, ఇందులో ఏది పోతే మీరు తట్టుకోలేరు?"

"అమ్మ పాటరా."

"సరే. ముందు అదే తీద్దాం. ఫోటోలు తర్వాత, సినిమాలు చివర్లో."

క్యాబినెట్ ఇనప రేకుని చేత్తో తాకి, ఒంట్లో ఉన్న స్థిర విద్యుత్తు పోగొట్టుకున్నాడు. నా నాలుగు స్క్రూలు విప్పాడు. నా చోట కొత్త ఎస్ఎస్‌డీ పెట్టాడు. పోస్టుకార్డు కన్నా చిన్నది, వేలెడు మందం కూడా లేదు. అందులో తిరిగేదేదీ లేదు, చప్పుడూ లేదు. దాంట్లో కొత్త విండోస్ వేసి, ఆ తర్వాతే నన్ను పక్కన రెండో డిస్కుగా తగిలించాడు. పాత డిస్కు మీదే ఫార్మాట్ కొట్టి కొత్త విండోస్ వేసేవాళ్ళున్నారు. డీ డ్రైవ్ ఉంది కదా అని ధీమాగా ఉంటారు గానీ, డెస్క్‌టాప్ మీదివీ, మై డాక్యుమెంట్స్‌లోవీ మామూలుగా సీ డ్రైవ్‌లోనే ఉంటాయి. చాలా ఇళ్ళల్లో పోయేవి అవే.

పాట కాపీ పెట్టాడు. సగం దాటాక ఆగింది. నేను ఆ చోటికి మళ్ళీ మళ్ళీ వెళ్ళాను. సెకనుకి 120 సార్లు ఆ ముక్క నా తల కిందనుంచి పోతోంది, ఒక్కసారీ చదవడం రాలేదు. తెర మీద "సైక్లిక్ రిడండెన్సీ చెక్" అని పడింది. నా పళ్ళెం మీద ఒక్క సెక్టార్, 4096 బైట్లు, చెడింది. ఆ ఒక్క దానికోసం విండోస్ ఫైలు మొత్తాన్నీ వద్దంది.

అబ్బాయి నన్ను మళ్ళీ ఆపేశాడు. లైనక్స్ ఉన్న పెన్ డ్రైవ్‌తో కంప్యూటర్ని లేపి డీడీరెస్క్యూ అనే ప్రోగ్రామ్ పెట్టాడు. అది మంచి చోట్లన్నీ ముందు లాగేసుకుంటుంది, చెడ్డచోటికి చివర్లో వస్తుంది, అప్పటికీ రాకపోతే అక్కడ ఖాళీ వదిలేస్తుంది. ఫైలు వచ్చింది. స్పీకర్లు పెట్టి వినిపించాడు. పాట మధ్యలో పావు సెకను గొంతు ఆగి, మళ్ళీ అందుకుంది. మాస్టారు కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ, "మా అమ్మ ఊపిరి పీల్చుకున్నట్టే ఉందిరా" అన్నారు.

ఇంకో గండం మిగిలింది. కథల ఫైళ్ళన్నీ క్షేమంగా వెళ్ళాయి, తెరిచి చూస్తే ఇంగ్లీషు అక్షరాలూ గుర్తులూ కలగాపులగం. మాస్టారి మొహంలో నెత్తురు చుక్క లేదు. పాడైంది మాత్రం ఏమీ లేదు. అను లాంటి పాత ఫాంట్లు తెలుగు అక్షరాన్ని ఇంగ్లీషు అక్షరాల గళ్ళలో కూర్చోబెట్టుకున్నాయి. ఆ ఫాంట్ లేని కంప్యూటర్లో ఆ గడిలోని ఇంగ్లీషు అక్షరమే కనబడుతుంది. అబ్బాయి ఫైళ్ళు తెచ్చాడు గానీ ఫాంట్లు వేయడం మరిచాడు. ఫాంట్ ఎక్కించగానే ఊరి కథలన్నీ లేచి నిలబడ్డాయి. ఆ తర్వాత నెల రోజులు కూర్చుని మాస్టారు వాటిని ఒక్కొక్కటే యూనికోడ్‌లోకి మార్పించుకున్నారు. యూనికోడ్‌లో ప్రతి తెలుగు అక్షరానికీ తన సొంత సంఖ్య ఉంది, ఏ కంప్యూటర్లో తెరిచినా తెలుగే కనబడుతుంది. తెలుగు డీటీపీ ఫైళ్ళు పాత డిస్కుల్లో దాచుకున్న ప్రతి ఇంట్లోనూ జరగాల్సిన పని ఇది.

నన్ను పాత సామాన్లవాడికి వేస్తామంటే అబ్బాయి వద్దన్నాడు. రీసైకిల్ బిన్ ఖాళీ చేసినా, క్విక్ ఫార్మాట్ కొట్టినా నాలోంచి పోయేది విషయసూచిక మాత్రమే. పుటలు అలాగే ఉంటాయి, బ్యాంకు కాగితాలతో సహా. అందుకే ఈ బీరువా.

మీ ఇంట్లో పెట్టె కూడా ఒకరోజు టక్ మంటుంది. ఆన్ చేసి ఆన్ చేసి చూడకండి, దాని మూత విప్పకండి, ఆపెయ్యండి. ఇంకా మంచిది, ఈ ఆదివారమే మీకు ఏది పోతే తట్టుకోలేరో దాన్ని ఇంకో రెండు చోట్ల పెట్టండి. మాస్టారి అమ్మగారి పాట ఇప్పుడు మూడు చోట్ల ఉంది: కొత్త డిస్కులో, విడిగా కొన్న ఎక్స్‌టర్నల్ డిస్కులో, హైదరాబాద్‌లో అమ్మాయి ఇంట్లో. ఆ పావు సెకను మాత్రం మూడింటిలోనూ లేదు.