తటపటాయింపుకు రేటెంత?

ఇంగ్లీషులో ‘డెమర్’ అని ఓ మాట ఉంది. ఔననడం కాదు, కాదనడమూ కాదు. గుమ్మంలో నిలబడి చెప్పులు విప్పాలా వద్దా అని చూడటం. మన దగ్గర ఆ పనంతా ‘గానీ’ ఒక్కటే చేసిపెడుతుంది. “సంబంధం బంగారమండీ, గానీ...” ఆ తర్వాత వాక్యం పూర్తిచేసిన పెద్దమనిషిని నేనింతవరకూ చూడలేదు.

డెమర్ గారి పూర్వీకులు లాటిన్‌వాళ్లు. అక్కడ ‘మోరా’ అంటే ఆలస్యం. మన ఎద్దు మొరాయించడానికీ దానికీ చుట్టరికం కలిపే ధైర్యం నాకు లేదు. ఇంగ్లీషులో కూడా మొదట్లో డెమర్ అంటే ఆగిపోవడం, ఉండిపోవడం. ఫ్రెంచిలో ఉన్న తోబుట్టువుకైతే ఇప్పటికీ నివసించడమనే అర్థముంది. వెళ్దామా వద్దా అనుకుంటూ అక్కడే కాపురం పెట్టేశారు కాబోలు.

ఈ వంశంలో డబ్బున్నవాడు డెమరేజి. ఓడలో సరుకు దించుకోవడానికి గడువు ఇస్తారు. అది దాటితే రోజుకింత అని ఓడ యజమానికి కట్టుకోవాలి. గడువుకు ముందే దించేస్తే ఆయనే మనకు ఎదురిస్తాడు. దాని పేరు డిస్పాచ్, సాధారణంగా డెమరేజిలో సగం. అంటే ఆలస్యానికి పడే జరిమానాలో సగమే చురుకుదనానికి బహుమతి. లోకం తీరే అంత.

మా బావ విశాఖలో క్లియరింగ్ ఏజెంటు. వాళ్లమ్మాయిని చూసుకుని “ఇంటికెళ్లి కబురు చేస్తాం” అన్నవాళ్లు నెలైనా ఉలకలేదు, పలకలేదు. బావ ఫోన్ చేసి, “బావగారూ, ఫ్రీ టైము నిన్నటితో అయిపోయింది. ఇవాళ్టినుంచి డెమరేజి పడుద్ది మరి” అన్నాడు. అవతలాయన రిటైరైన రైల్వే గూడ్సు గుమాస్తా. ఏమాత్రం తొణక్కుండా, “వ్యాగన్ ఇంకా ప్లేస్ కాలేదండీ బావగారూ, అబ్బాయి సెలవు మీద రావాలి” అన్నాడట. రైల్వేలో గడువు లెక్క వ్యాగన్ పెట్టాకే మొదలవుతుంది. బావ నోరు మూతపడింది.

కోర్టుకెక్కిన బంధువు డెమరర్. “నువ్వు చెప్పిందంతా నిజమేననుకుందాం, అయితే ఏంటట?” అని అడగడమే దాని పని. ఇంగ్లండు 1883లో దాన్ని సాగనంపినా, కాలిఫోర్నియా కోర్టుల్లో ఇంకా తిరుగుతూనే ఉంది. మన 1908 నాటి సివిల్ ప్రొసీజర్ కోడ్‌లోనూ ఆర్డర్ 7 రూల్ 11 కింద దావా తిరస్కరించాలా అని చూసేటప్పుడు, వాది రాసిందంతా నిజమేననుకునే మొదలుపెడతారు. మా పెద్దమ్మ ఐదో తరగతి దాటలేదు. పెదనాన్న గంటసేపు తేల్చిన లెక్కలన్నీ ఓపిగ్గా విని, “అయితే ఏంటంట?” అని లేచి పొయ్యి దగ్గరకి పోయేది. అప్పీలు ఉండేది కాదు.

మారటోరియంది కూడా అదే రక్తం. 2020లో కరోనా వచ్చినప్పుడు రిజర్వు బ్యాంకు ఆగస్టు ఆఖరు దాకా వాయిదాలు ఆపుకోవచ్చంది. మనం ఆగాం. వడ్డీ మాత్రం ఆగలేదు.

వీళ్లందరిలో నాకు నచ్చింది ఆస్ట్రియాలో ఉన్న వోర్గల్ ఊరి బంధువు. 1932లో, ఊరంతా పనుల్లేక కూర్చున్నప్పుడు, పురపాలకులు సొంత నోట్లు అచ్చేశారు. నోటు చెల్లాలంటే నెలకోసారి విలువలో నూటికి ఒకటి పెట్టి స్టాంపు కొని అంటించాలి. జేబులో తటపటాయించే డబ్బుకు డెమరేజి అన్నమాట! ఆ దెబ్బకి నోట్లు చేతులు మారడం మొదలెట్టాయి, జనం పన్నులు కూడా కట్టేశారు. మరుసటేడు కేంద్ర బ్యాంకు అడ్డుపడి ఆపించింది.

ఆ నోట్లు మా వీధిలోకి వస్తే చూడాలని ఉంది. చేబదులు తీసుకున్నవాళ్లు నెలాఖరు రాత్రి తలుపులు బాదుతూ, “మీ బాకీ తీసుకోండి మహాప్రభో” అంటారు. అప్పిచ్చినవాళ్లు దీపాలార్పేసి మంచం కింద దాక్కుంటారు.