రహీం సాబ్ రోజుల్లో సెక్రటరీ అంటే

మా రోజుల్లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ ఎవరంటే సయ్యద్ అబ్దుల్ రహీం. బడిలో పాఠాలు చెప్పుకునే పంతులుగారు. సిటీ పోలీసు జట్టుకు ఆయనే కోచ్. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. దేశం జట్టుకూ ఆయనే కోచ్ అయ్యారు. సంఘం కాగితాల మీద సంతకం పెట్టిన మనిషే గ్రౌండులో కుర్రాళ్లకు పాస్ ఇవ్వడం నేర్పేవారు. ఆటగాడికి ఏం కావాలో ఆయనకు ఇంకొకరు చెప్పనక్కర్లేదు.

అప్పుడంతా బాగుందని నేననను. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్త కాళ్లతో ఫ్రాన్స్ మీద ఆడి 2-1తో ఓడారు. 1952లో హెల్సింకి చలిలో యుగోస్లావియా చేతిలో 10-1తో ఓడాక గానీ ఫెడరేషన్ బూట్లు తప్పనిసరి చెయ్యలేదు. అది ముందే చెయ్యాల్సిన పని. అయినా నాలుగేళ్లు తిరిగేసరికి మెల్‌బోర్న్‌లో మనది నాలుగో స్థానం. ఆ జట్టులో మన సికింద్రాబాద్ అమ్ముగూడ కుర్రాడు తులసీదాస్ బలరాం ఉన్నాడు.

ఇక 1962 జకార్తా ఆసియా క్రీడలు. ఇజ్రాయెల్‌నూ తైవాన్‌నూ ఇండోనేషియా రానివ్వలేదు. అలాంటప్పుడు వీటిని ఆసియా క్రీడలని ఎలా అంటారని మన క్రీడాధికారి జి.డి. సోంధీ నిలదీశారు. ఆ కోపమంతా అక్కడి జనం మన కుర్రాళ్ల మీద చూపించారు. ఫుట్‌బాల్ ఫైనల్లో స్టేడియం స్టేడియమంతా మనకు ఎదురే. ఆ గోలలోనే కొరియాను 2-1తో ఓడించి బంగారు పతకం తెచ్చారు. రహీం సాబ్‌కు అప్పటికే క్యాన్సర్. మరుసటేడు జూన్‌లో పోయారు. పెద్దల మాట వల్ల ఆటగాళ్లు ఇబ్బంది పడ్డమాట నిజమే. కానీ సోంధీ మాట్లాడింది ఆటకు రాలేకపోయినవాళ్ల కోసం, తన పదవి కోసం కాదు.

ఇప్పుడో? గొడవంతా కుర్చీ దగ్గరే. ఏ ఆటకైనా ప్రపంచ సంస్థ ఒక దేశం నుంచి ఒక్క ఫెడరేషన్నే గుర్తిస్తుంది. ఎంత గొప్ప ఆటగాడైనా ఆ గుమ్మంలోంచే వెళ్లాలి. గుమ్మం మూసుకుపోతే ఏ పాపం ఎరగనివాడు బయట నిలబడాలి. అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షుడి గడువు 2020 డిసెంబరులో తీరింది. ఎన్నికలు జరగలేదు. సుప్రీంకోర్టు 2022 మేలో ఆయన్ని తప్పించి పాలకుల కమిటీని వేసింది. బయటివాళ్ల జోక్యమంటూ ఫిఫా ఆగస్టులో మన దేశాన్నే సస్పెండ్ చేసింది. గోకులం కేరళ ఆడపిల్లలు ఆసియా క్లబ్బుల పోటీకి అప్పటికే తాష్కెంట్ చేరుకున్నారు. బంతి తాకకుండా వెనక్కి వచ్చారు. పదకొండు రోజుల్లో నిషేధం ఎత్తేశారు. వాళ్ల పోటీని మాత్రం ఎవరూ తిరిగి తేలేదు.

ఇదొక్కటే అయితే ఊరుకుందును. 2012 డిసెంబరులో ఎన్నికల తగాదాతో భారత ఒలింపిక్ సంఘం సస్పెండైంది. 2014 సోచి శీతాకాల ఒలింపిక్స్ ఆరంభంలో మన లూజ్ ఆటగాడు శివ కేశవన్ ఒలింపిక్ జెండా కింద నడవాల్సి వచ్చింది, మువ్వన్నెల జెండా కింద కాదు. కుస్తీ సంఘం సకాలంలో ఎన్నికలు జరపలేదని ప్రపంచ సంస్థ 2023 ఆగస్టులో సస్పెండ్ చేసింది. ఆ సెప్టెంబరులో అంతిమ్ పంఘాల్ బెల్‌గ్రేడ్‌లో ప్రపంచ కాంస్యం గెలిచింది. చిన్నపిల్ల! పతకం తనది, చెమట తనది, జెండా మాత్రం తన దేశానిది కాదు. నాకు అన్నిటికంటే ఎక్కువ కడుపు మండిన సంగతి ఇదే.

ఫుట్‌బాల్ ఎన్నికల్లో పేరున్న ఆటగాళ్లు 36 మందికి ఓటు ఇవ్వాలని కోర్టు మొదట అనుకుంది. ఫిఫా ఒప్పుకోలేదు. చివరికి రాష్ట్ర సంఘాలే ఓటేశాయి. అధ్యక్ష పదవికి నిలబడిన, దేశం తరఫున ఏళ్ల తరబడి ఆడిన బైచుంగ్ భూటియాకు వచ్చింది ఒకే ఒక్క ఓటు. గెలిచిన కల్యాణ్ చౌబే కూడా గోల్‌కీపరే. ఆడినవాడు ఆ కుర్చీ ఎక్కడానికి సమాఖ్య పుట్టాక 85 ఏళ్లు పట్టింది.

2025లో జాతీయ క్రీడా పాలన చట్టం వచ్చింది. ప్రతి జాతీయ సంఘంలో ఆటగాళ్ల కమిటీ ఉండాలని, కార్యవర్గంలో వాళ్లకు చోటివ్వాలని అందులో ఉంది. మంచిదే. కానీ ఓట్లు ఎక్కువగా రాష్ట్ర సంఘాలవే, వాటిలో జిల్లా సంఘాలవి. మీ జిల్లా సంఘానికి సెక్రటరీ ఎవరో, ఎన్నేళ్లుగా ఉన్నాడో, ఎప్పుడైనా ఆట ఆడాడో లేదో కనుక్కోండి. మీ పిల్లలు ఆడుతుంటే, ఈసారి ఎన్నిక ఎప్పుడో వెళ్లి అడగండి.