నేను మేడం గారి జంపఖానాని

నేను నూలు జంపఖానాని. వరంగల్ కొత్తవాడ మగ్గం మీద పుట్టాను. ఒంటినిండా ఎరుపు, ముదురునీలం చారలు, రెండు కొసలా కుచ్చులు. జగ్గయ్యపేటకు వచ్చిన కొత్తలో పెళ్లిపందిళ్లలో, భజనల్లో పరిచేవాళ్లు. తర్వాత ఒక యోగా టీచరు నన్ను కొనుక్కున్నారు. రబ్బరు చాప ఎండాకాలం ఒంటికి అతుక్కుంటుందనీ, నూలైతే చెమట పీల్చుకుంటుందనీ ఆమె ఉద్దేశం. పొద్దున్నే జగ్గయ్యపేటలో క్లాసు, వారంలో రెండు సాయంత్రాలు నందిగామలో. నన్ను చుట్టచుట్టి, తాడు కట్టి, చిల్లకల్లు మీదుగా బస్సులో తీసుకుపోతారు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు బస్సు ప్రయాణం ఉచితమయ్యేసరికి చుట్టుపక్కల ఊళ్లవాళ్లూ రావడం మొదలుపెట్టారు.

నాకు మనుషులు తెలిసేది బరువును బట్టే. ఎవరు మడమ మీద ఆనుతున్నారో, ఎవరు వేళ్ల మీద నిలబడుతున్నారో, ఎవరు ఊపిరి బిగబట్టారో నా పోగులకు తెలిసిపోతుంది. మలాసనం వేయమంటే పత్తి చేలో కలుపు తీసే ఆడవాళ్లు రెండు మడమలూ నేలకు ఆనించి హాయిగా కూర్చుంటారు. కాలేజీ పిల్లలకు మడమలు లేస్తాయి. మేడం వాళ్ల మడమల కింద నా కొసను మడతపెట్టి సర్దుతారు.

మొదటిరోజు ఆసనాలేవీ ఉండవు. ఒక్కొక్కరినీ విడిగా కూర్చోబెట్టి మేడం మెల్లగా అడుగుతారు. నెలసరి ఎప్పుడొచ్చింది, ఎన్ని రోజులుంటుంది, బీపీ ఉందా, థైరాయిడ్ మాత్ర వాడుతున్నావా, ఆపరేషన్లు ఏమైనా అయ్యాయా, కడుపుతో ఉన్నావా. నన్నడిగితే ఆ క్లాసులో అన్నిటికన్నా విలువైన అరగంట అదే. డిగ్రీ చదివే ఒక అమ్మాయి "వినాయకచవితికి వచ్చిందనుకుంటా మేడం" అంది. అప్పటికి సంక్రాంతి వెళ్లిపోయింది. "ఇంట్లో తెలుగు క్యాలెండరుంది కదా, వచ్చిన రోజు పెన్నుతో చుక్క పెట్టుకో తల్లీ" అన్నారు మేడం.

ఆ అమ్మాయికి పీసీఓఎస్. ఇంట్లో అందరూ "నీటి బుడగలు" అంటున్నారట. అవి నీటి బుడగలు కావు, పూర్తిగా ఎదగకుండా అండాశయంలో ఆగిపోయిన అండాల సంచులని మేడం చెప్పారు. చాలామందిలో ఇన్సులిన్ సరిగ్గా పనిచేయక రక్తంలో దాని మోతాదు పెరుగుతుంది. దాంతో అండాశయం మగ హార్మోన్లను ఎక్కువగా తయారుచేస్తుంది. అండం విడుదల కాదు, నెలసరి తప్పుతుంది, గడ్డం మీద వెంట్రుకలు వస్తాయి. కండరాలు పనిచేస్తే రక్తంలో చక్కెరను అవే లాక్కుంటాయి, ఇన్సులిన్ మీద ఒత్తిడి తగ్గుతుంది. వ్యాయామానికి అంత విలువ అందుకే.

రెండో నెలలో ఆ పిల్ల బరువు తగ్గలేదని నా మీద బోర్లా పడుకుని ఏడ్చింది. మేడం పక్కన కూర్చుని ఒక పరిశోధన గురించి చెప్పారు. మన ఆంధ్రప్రదేశ్‌లోనే ఒక రెసిడెన్షియల్ కాలేజీలో, పీసీఓఎస్ ఉన్న 15 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలు 90 మందిని రెండు జట్లు చేశారు. 12 వారాలు, రోజూ గంటసేపు, ఒక జట్టుకు యోగా, ఇంకో జట్టుకు మామూలు వ్యాయామం. ఎస్-వ్యాస విశ్వవిద్యాలయానికి చెందిన డాక్టర్ నాగరత్న బృందం 2013లో ఫలితాలు ప్రచురించింది. యోగా చేసినవాళ్లలో టెస్టోస్టెరాన్, ఎల్‌హెచ్, ఏఎంహెచ్ హార్మోన్లు ఎక్కువగా తగ్గాయి, నెలసరి మెరుగైంది. బరువులో మాత్రం రెండు జట్లకూ చెప్పుకోదగ్గ తేడా లేదు. "కాటా చెప్పేదంతా నిజం కాదమ్మా, క్యాలెండర్ చూడు" అన్నారు. ఆ పిల్ల కళ్లు తుడుచుకుని లేచింది. మర్నాడు కూడా వచ్చింది.

మేడం చదువు గురించి నాకు గర్వం. విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీలో యోగా డిప్లొమా చేశారు, ఆయుష్ శాఖ కింది యోగా సర్టిఫికేషన్ బోర్డు పరీక్ష రాశారు. బ్రెజిల్‌కు చెందిన దీనా రోడ్రిగెస్ 1990లలో రూపొందించిన హార్మోన్ యోగా కూడా నేర్చుకున్నారు. భస్త్రిక ప్రాణాయామంతో కలిపి పొత్తికడుపు భాగాన్ని బలంగా కదిలించే పద్ధతి అది. ఎలా చేయాలో నేర్చుకున్నంత శ్రద్ధగా ఎవరి చేత చేయించకూడదో కూడా నేర్చుకున్నారామె. గర్భిణులు, హార్మోన్లతో ముడిపడిన రొమ్ము క్యాన్సర్ వచ్చినవాళ్లు, పెద్ద ఫైబ్రాయిడ్లు ఉన్నవాళ్లు ఆ జోలికి పోకూడదు. ఫోన్లో వీడియో చూసి రోజూ కపాలభాతి చేస్తున్నానని, నెలసరిలో రక్తం విపరీతంగా పోతోందని ఒకావిడ చెబితే, ముందు డాక్టరు దగ్గర స్కానింగ్ చేయించుకుని రమ్మన్నారు. థైరాయిడ్ మాత్ర మానేయొచ్చా అని అడిగేవాళ్లకూ సూటిగానే జవాబు: ఆసనం మాత్రకు బదులు కాదు, మోతాదు మార్చాల్సింది డాక్టరే.

నందిగామ క్లాసుకు కూలి పనులకెళ్లే ఆడవాళ్లు వస్తారు. యోగాలు మనకెందుకు అని ఒకామె అంటే పక్కనున్న పెద్దావిడ ఊరుకోలేదు. "వేదాద్రిలో యోగానంద నరసింహస్వామి కూర్చున్నది ఎట్లాగే? మనకెందుకంటావేంటి?" అంది. ఆ పెద్దావిడకే మేడం ప్రశ్నలు వేస్తే "నాకు నెలసరి గొడవే లేదమ్మా, ముప్పై రెండేళ్లకే సంచి తీసేశారు" అంది.

"అండాశయాలు ఉంచారా పిన్నీ?"

"ఏమో, నాకేం తెలుసు? కాగితాలు బీరువాలో ఉండాలి."

కాగితాలు తెప్పించి చూస్తే రెండు అండాశయాలూ తీసేసినట్టు ఉంది. ఇన్నేళ్లూ ఆవిడకు రాత్రుళ్లు ఒళ్లంతా సెగలెందుకొచ్చాయో, నడుము ఎందుకు పీకిందో అప్పటిదాకా ఎవరూ చెప్పలేదు. గర్భసంచి ఆపరేషన్ల శాతం దేశంలో అన్ని రాష్ట్రాలకన్నా ఎక్కువగా తేలింది మన రాష్ట్రంలోనే. 2015-16 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల ఆడవాళ్లలో దేశం మొత్తం మీద వందకు ముగ్గురికి ఆ ఆపరేషన్ అయితే, ఆంధ్రప్రదేశ్‌లో దాదాపు తొమ్మిది మందికి. ఆ లెక్కలోని ఆడవాళ్లు రోజూ నా మీదే పడుకుంటారు. అండాశయాలు తీసేస్తే ఈస్ట్రోజెన్ ఒక్కసారిగా పడిపోయి ఎముకలు గుల్లబారతాయి. అలాంటివాళ్లకు భస్త్రిక కాదు, ఎముకకు బరువు తగిలే పని కావాలి. గోడకు చేతులు ఆనించి నెట్టడం, మడమలెత్తి దించడం, సేతుబంధాసనం, నీళ్ల సీసాలు పట్టుకుని చేతులెత్తడం. ఎముకల పరీక్షకు ఆ పెద్దావిడను మేడం విడిగా డాక్టరు దగ్గరికి పంపారు.

మిర్చి కోతల కాలంలో క్లాసంతా తుమ్ములే. చీరలకు అంటుకొచ్చిన ఘాటు నా పోగుల్లోకీ దిగుతుంది. ఒకసారి ఒకామె తుమ్మి, చప్పున తొడలు దగ్గరకు లాక్కుంది. మేడం చూశారు. "తుమ్మినప్పుడు మూత్రం పడుతోందా అక్కా?" అనేసరికి ఆమె తలొంచుకుంది. ఆ తర్వాత ఇంకో ఇద్దరు "నాకూ అంతే" అన్నారు. కాన్పులయ్యాక కటి కండరాలు వదులైతే జరిగేదే అది. అమెరికా డాక్టరు ఆర్నాల్డ్ కీగెల్ 1948లోనే దీనికి వ్యాయామం రాసిపెట్టారు. వెల్లకిలా పడుకుని, మోకాళ్లు మడిచి, మూత్రాన్ని ఆపుకుంటున్నట్టు లోపలికి లాగి, కాసేపు ఉంచి, పూర్తిగా వదలాలి. వినడానికి తేలికే. కానీ చాలామంది కటి కండరాలకు బదులు పిరుదులు బిగిస్తారు, ఊపిరి ఆపేస్తారు. పిరుదులు బిగిస్తే నా చారలు ముడతపడతాయి. మేడం ఆ ముడత చూసి, పొట్ట మీద చెయ్యి ఉంచి, "వదిలెయ్ అక్కా, ఊపిరి వదిలెయ్, ఇప్పుడు మళ్లీ" అంటారు. పక్కన నిలబడి చూసే మనిషి లేకపోతే ఈ తేడా ఎవరు పట్టుకుంటారు?

2025లో యోగా దినోత్సవానికి ముందు రాష్ట్రమంతా యోగాంధ్ర జరిగిన నెల అంతా నాకు తెరిపి లేదు. జూన్ 21న విశాఖ తీరంలో మూడు లక్షల మంది ఒక్కసారి ఆసనాలు వేశారని ఇక్కడివాళ్లంతా సంతోషించారు. ఆ ఉత్సాహంతోనే క్లాసులో కొత్త ముఖాలు కనిపించాయి. మేడం మాత్రం వాళ్లనూ మొదటిరోజు ఒక్కొక్కరినే కూర్చోబెట్టారు.

పోయిన వారం ఆ నందిగామ పెద్దావిడ తన కూతుర్ని వెంటబెట్టుకొచ్చింది. ఇరవై ఎనిమిదేళ్ల పిల్ల. రక్తం ఎక్కువగా పోతోందని వెళితే గర్భసంచి తీయించుకోమన్నారట. "ఆసనాలతో తగ్గించండమ్మా" అని తల్లి మేడం చేతులు పట్టుకుంది. "నేను డాక్టర్ని కాదు పిన్నీ. ఆపరేషన్‌కు ఒప్పుకునే ముందు విజయవాడలో ఇంకో గైనకాలజిస్టుకు చూపించండి, స్కానింగ్, రక్త పరీక్ష, థైరాయిడ్ చేయించండి" అన్నారు మేడం. మందులతో తగ్గే అవకాశం ఉందేమో అడగమన్నారు, అడగాల్సిన ప్రశ్నలన్నీ కాగితం మీద రాసిచ్చారు. ఆ పిల్లకు నా మీద వెల్లకిలా పడుకుని నెమ్మదిగా ఊపిరి తీసి వదలడం ఒక్కటి నేర్పారు. రిపోర్టులు చూడందే అంతకుమించి ఏదీ చేయించనని చెప్పి పంపారు.