ఊపిరి పెట్టె
(కోలారు బంగారు గనుల హార్మోనియం ఆత్మకథ)

నేనొక హార్మోనియమును. కోలారు బంగారు గనుల సీమలో, చాంపియన్ రీఫ్ సమీపమున, కార్మికుల లైనిళ్ల నడుమ వెలసిన ఒక తెలుగు క్రైస్తవ సంఘమునకు ఎన్నియో దశాబ్దములుగా శ్రుతినిచ్చుచున్నదానను. నా జాతి ఐరోపా ఖండమున కాళ్లతో తొక్కెడి పెద్ద వాద్యముగా పుట్టినది. 1875 ప్రాంతమున కలకత్తాలో ద్వారకానాథ ఘోషు చేతిలో, నేలపై కూర్చుండి ఒక చేత తిత్తి నడుపుచు వేరొక చేత మెట్లు నొక్కుటకు వీలైన చిన్న రూపము దాల్చి, భజన మందిరములకును, నాటక శాలలకును, మా వంటి పేద సంఘములకును అందుబాటులోనికి వచ్చినది. నాలో మెట్లు కలవు, ఇత్తడి రీడ్లు కలవు, టేకు పలకలు కలవు. కాని ఒకరి చేయి తిత్తిని కదిపిననే తప్ప ఇవి యేవియు పలుకజాలవు. నాకు స్వంతముగా ఊపిరి లేదు. ఈ ఒక్క సత్యమును చెప్పుటకే నేనీ కథ చెప్పబూనితిని.

నన్ను కొన్నది దొరలు కారు, మిషనువారును కారు. మా సంఘపు స్త్రీలు వంటకు గింజలు కొలుచుకొనునపుడెల్ల, బియ్యమున్న ఇంట బియ్యము, లేని ఇంట రాగులు, గుప్పెడు తీసి వేరుగా ఒక కుండలో పోసి, ఆదివారము కొంగున మూటగట్టి తెచ్చి వేదిక ముందర నుంచిన గంపలో పోసెడివారు. ఆ గింజలను సంఘ పెద్దలు ఆరాధన ముగియగానే వేలము వేసి, వచ్చిన అణాలను ఒక తగరపు డబ్బాలో దాచిరి. అట్లు కూడిన సొమ్ముతో నన్ను మదరాసులో కొని, రైలుమీద బౌరింగుపేట చేర్చి, అక్కడ గనుల శాఖాబండికి మార్చి, మారికుప్పము మార్గమున దింపి, ఇద్దరు మనుష్యులు తలమార్చి తలమార్చి మోసికొని వచ్చిరి. ఆ బౌరింగుపేటయే నేటి బంగారపేట. నాకు మొదటిసారి ఊపిరి యిచ్చిన చేయి, ఆ ఉదయము వరకు గనిలో రాత్రి షిఫ్టు చేసి వచ్చిన చేయి.

ఆయన మా ఉపదేశిగారి కుమారుడు. వారి కుటుంబ చరిత్ర వినినచో ఈ జిల్లా క్రైస్తవ చరిత్రలో ఒక అధ్యాయము వినినట్లే యగును. 1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును దహించిన మహాక్షామమున, తలిదండ్రులను పోగొట్టుకొన్న బిడ్డలను కోలారులో మిస్ ఆన్‌స్టీ అను ఇంగ్లీషు వనిత చేరదీసి, అనాథ శరణాలయము నడిపి, చదువును పనిని నేర్పెను. 1890లో ఆమె తన మిషనును అమెరికను మెథడిస్టు సంఘమువారి కప్పగించెను. ఆ మిషను నీడలోనే 1910లో కోలారున ఎలెన్ తోబర్న్ కోవెన్ స్మారక వైద్యశాల వెలసెను. ఉపదేశిగారి తల్లి ఆ శరణాలయపు బిడ్డ. తనకు ఊరు పేరు తెలియదు గాని, తనకు గంజి పోసిన చేతులు తెలియునని ఆమె చెప్పుచుండెడిదట. అన్నము లేక చావవలసిన బిడ్డ బ్రతికి, ఆమె సంతతి మరియొకరికి అన్నము పెట్టుటయే ఈ జిల్లాలో సువార్తకు మొదటి వ్యాఖ్యానమని నేననుకొందును.

బంగారము కొరకు వచ్చినవారు వేరు. 1880లో జాన్ టెయిలర్ అండ్ సన్సు కంపెనీ ఇక్కడ అడుగిడిన తరువాత, ఉత్తర ఆర్కాటునుండి తమిళులును, చిత్తూరు, అనంతపురము, నెల్లూరు ప్రాంతములనుండి తెలుగువారును, కరవుచేతను, అప్పులచేతను, ఊరిలో అంటరానితనపు అవమానముచేతను నెట్టబడి వేలకొలదిగా వచ్చిరి. లైనిళ్లలో గోడకు గోడ తగిలి, తమిళము, తెలుగు, కన్నడము ఒకే వసారాలో వినబడెడివి. ఊరంగాములో ఇంగ్లీషువారికి ఆంగ్లికను దేవాలయము, చాంపియన్ రీఫులో కథోలికులకు జయమాత గుడి ఉండగా, మా తెలుగువారికి తొలుదొలుత తడికెల పాకయే ప్రార్థనాలయము. తమ భాషలో ఏడ్వవలెనని, తమ భాషలో పాడవలెనని వారు పట్టుబట్టిరి. దేవునికి అన్ని భాషలును తెలియును. కాని దుఃఖమున నున్న మనిషికి ఒక్క భాషయే తెలియును గదా!

వారి చేతిలో ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకముండెను. ప్రతి కీర్తన నెత్తిన రాగమును తాళమును ముద్రించియుండెడివి. పురుషోత్తమ చౌధరిగారు మొదలైన భక్తులు మన సంగీత సంప్రదాయమున రచించిన ఆ పదములను పలికించుటలో నా దారిద్ర్యము నాకు తెలిసినది. నా మెట్లు విడివిడిగా నిలిచినవి. ఒక స్వరమునుండి మరొక స్వరమునకు జారుట నావల్ల గాదు, గమకము నా రీడ్లకు అందదు. ఈ లోపమునుబట్టియే 1940లో రేడియోవారు నా జాతిని తమ నిలయములనుండి బహిష్కరించి, 1971 వరకు గుమ్మమెక్కనీయలేదు. మా సంఘమున మాత్రము అట్టి తీర్పు రాలేదు. నేను ముఖారి రాగమున గమకము కావలసిన చోట నిలిచిపోగా, ముందువరుసలోని స్త్రీలు ఆ ఖాళీని తమ గొంతుతో పూరించిరి. నేను శ్రుతి పట్టితిని, వారు గమకము పలికిరి. ఒకరికి లేనిది మరియొకరు పూరించుకొనుట అచ్చట ఉపదేశమునకు ముందే పాటలో అభ్యాసమైనది.

ఆదివారపు ఆరాధనలో పురుషుల వరుసలు ఎన్నడును నిండెడివి కావు. గని కూత సంఘపు గంటను లెక్కచేయదు. మొదటి షిఫ్టువారు భూమిలో నున్నప్పుడు రెండవ షిఫ్టువారు పాడిరి. వారు దిగినప్పుడు వీరు వచ్చి మోకరించిరి. అందుచేత ప్రతి ప్రార్థనలోను ‘ఇప్పుడు లోపల ఉన్నవారి కొరకు’ అను విన్నపము తప్పక ఉండెడిది. చాంపియన్ రీఫ్ గని పదివేల అడుగులకు మించిన లోతునకు చేరి లోకమందలి అత్యంత లోతైన గనులలో నొకటిగా పేరొందినది. ఆ లోతున రాతి వేడి 60 డిగ్రీల సెంటిగ్రేడును దాటెడిది. 1902లోనే కావేరిపై శివసముద్రమునుండి తొంబది మైళ్లకు పైబడిన దూరము తీగలమీద విద్యుత్తు వచ్చి గని యంత్రములను నడిపినది. పాతాళమునకు గాలి పంపుటకును యంత్రములుండెను. కాని ఆ గాలితో కలిసి రాతి ధూళియు కార్మికుని రొమ్ములోనికి పోయినది. 1940 మొదలు 1946 వరకు 7,653 మంది కార్మికులను వైద్యులు పరీక్షింపగా, నూటికి నలువదిమందికి మించి సిలికోసిస్ అను ఊపిరితిత్తుల వ్యాధి కనబడినది.

ఉపదేశిగారి కుమారుడైన మా వాద్యకారుడును అట్టివారిలో నొకడయ్యెను. గనిలో కప్పు కూలకుండ దుంగలు నిలిపెడి పనిలో ఇరువది యేండ్లు గడపిన ఆయన మొదట దగ్గెను. పిమ్మట పాట నడుమ ఆగెను. ఆ మీదట మూడవ చరణమునకు వచ్చునప్పటికి ఆయన ఎడమచేయి తిత్తిపై సడలి, నా స్వరము దీనముగా దిగజారసాగెను. పెద్దలు ఆయనకు విశ్రాంతి నీయదలచిరి. ఆయన కంట నీరు పెట్టుకొని, ‘వేళ్లు బాగానే ఉండాయి గదయ్యా’ అనెను. అప్పుడు పదేండ్ల మనుమడు, ఎవ్వరును చెప్పకయే, నా వెనుక ప్రక్కకు పోయి మోకాళ్లపై కూర్చుండి, తాత చేతిని మెల్లగా తొలగించి, తిత్తి తాను పట్టెను. తాత మెట్లను నొక్కెను, బాలుడు గాలి నిచ్చెను. మొదటి వారము ఇరువురికిని జత కుదరలేదు. బాలుడు తొందరపడి ఊదగా నా స్వరము బుసకొట్టినది. నెల తిరుగునప్పటికి, తాత మెడ కొంచెము వంచిన చాలును, చరణమెచ్చట ముగియునో బాలునికి తెలిసెను. ‘నీ చేతిలో బలముండాది, నా వేళ్లలో పాటుండాది, ఇద్దరం కలిస్తే ఒక మనిషే గదరా’ అని ఆయన నవ్వెడివాడు. ఆయన కోలారు ఆసుపత్రికి పోయి తిరిగిరాని సంవత్సరము వరకు ఆరాధన అట్లే జరిగినది.

ఆయన పోయిన తరువాత నేను కొంతకాలము మూగనైతిని. వేసవిగాలికి సైనైడు దిబ్బల బూడిదరంగు పొడి ఊరంతటను పరచుకొనును. బంగారము తీసికొన్న పిమ్మట మిగిలిన రాతిపిండి అది. అది నా పలకల సందులనుండి లోనికి చేరి, రీడ్ల నాలుకలపై పేరుకొని శ్రుతిని చెడగొట్టినది. మరమ్మతు చేయువాడు నా మూత విప్పి, ఒక్కొక్క రీడును మెత్తని కుంచెతో తుడిచి, స్వరము తగ్గినచోట నాలుక కొనను, హెచ్చినచోట మొదలును సన్నని ఆకురాయితో తాకీతాకనట్లు గీసి, చెవి దగ్గర పెట్టుకొని మరల మరల ఊదించెను. తిత్తి మడతలలో పడిన చిల్లులకు చెప్పులు కుట్టెడి మా సంఘస్థుడొకడు మెత్తని తోలు అతికి కూలి పుచ్చుకొనలేదు. మనుష్యుల రొమ్ములలో చేరిన రాతి ధూళిని ఏ కుంచెయు తుడువలేదని ఆనాడు నాకు దుఃఖము కలిగినది.

గనుల సీమలో నేల కూడ అప్పుడప్పుడు కంపించును. లోతున, మోయరాని భారముక్రింద నలిగిన బండ ఒక్కసారిగా పగిలి చిమ్ముటను రాక్‌బరస్టు అందురు. ఒక సాయంకాలపు కుటుంబ ప్రార్థనలో, పాట రెండవ చరణమునకు వచ్చియుండగా, భూమి గుద్దినట్లయి, దీపపు చిమ్నీ గణగణలాడినది, నా మెట్లన్నియు పళ్లవలె కొట్టుకొన్నవి. పాట ఆగినది. ఆ క్షణమున ఇంటనున్న ప్రతి స్త్రీయు తన మగవాడు ఏ షిఫ్టులో ఉన్నాడో లెక్కించుకొనినది. తరువాత తమిళపు ఇంటివారు, కన్నడపు ఇంటివారు, హిందువులు, ముసల్మానులు అందరును గని ముఖమునకు పరుగెత్తిరి. రాత్రియంతయు అచ్చట నిలిచినవారికి మా స్త్రీలు కుండతో రాగి అంబలి మోసికొని పోయి, ఎవరి ఇంటివాడని అడుగకయే పోసిరి. ఆ రాత్రి నన్నెవరును వాయింపలేదు. కాని అంతకంటె గొప్ప ఆరాధనను నేనెరుగను.

సంతోషములును కొల్లలు. కోతపండుగనాడు గుమ్మడికాయలు, చెరకు గడలు, రాగి కంకులు, కోడిపుంజులు వేదిక ముందర రాశిపడెడివి. ఒకే కొబ్బరికాయ వేలములో పదిమంది చేతులు మారి, పదిమార్లు కానుకయై తిరిగి వచ్చెడిది. క్రిస్మసు నెలలో నన్ను త్రాటితో ఒక యువకుని మెడకు కట్టి, చలిలో లైను లైనుకును త్రిప్పి పాడించెడివారు. తమిళ సంఘపు కుర్రవాండ్రు ఎదురైనచో రెండు భాషల పాట ఒకే మెట్టుపై కలిసెడిది. ఈస్టరు తెల్లవారుజామున సమాధుల తోటలో, గనిలో పోయినవారి పేర్లు ఒక్కొక్కటిగా చదివి, ఆ మీదట పునరుత్థానపు కీర్తన ఎత్తుకొనిరి. 1947 సెప్టెంబరు 27న మదరాసులో దక్షిణ ఇండియా సంఘమేర్పడి పలు శాఖలు ఏకమైనవి. అమెరికను మెథడిస్టు సంఘములు వేరుగనే నిలిచినవి. ఐనను మా లైనులో ఏ శాఖవారి ఇంట చావైనను పెళ్లియైనను నన్నే మోసికొని పోయిరి.

గనులు 1956లో మైసూరు ప్రభుత్వమునకును, 1962లో కేంద్ర ప్రభుత్వమునకును చెందినవి. నూటయిరువది యేండ్ల కాలమున ఎనిమిదివందల టన్నులకు పైగా బంగారమును ఈ నేల ఇచ్చినది. 2001 ఫిబ్రవరి 28న గని మూతపడినది. పంపులు ఆగిన గనులలో నీరు నిండినది; లైనిళ్లలో నిరుద్యోగము నిండినది. నాటినుండి మా యువజనులు చీకటితోనే లేచి, మారికుప్పమునుండి బయలుదేరు బండ్లలో నూరు కిలోమీటర్ల దూరమున నున్న బెంగుళూరునకు పనికి పోయి, రాత్రికి తిరిగి వచ్చుచున్నారు. సంఘమును మూయవలసి వచ్చునని కొందరు భయపడిరి. మూయలేదు. బుధవారపు ప్రార్థనను రాత్రి తొమ్మిదికి మార్చిరి. బండి ఆలస్యమైనచో వచ్చినవారితోనే మొదలిడి, దిగినవారు దిగినట్లు చేరుదురు. పనిలేని ఇంటికి గింజల కుండ నేటికిని నడచుచున్నది. ఒకప్పుడు గని షిఫ్టులను బట్టి ప్రార్థించిన సంఘము నేడు రైలు వేళలను బట్టి ప్రార్థించుచున్నది. లోపల ఉన్నవారి కొరకు చేసిన విన్నపము ఇప్పుడు ‘దారిలో ఉన్నవారి కొరకు’ అయినది.

నా సరసన విద్యుత్తుతో పలికెడి కీబోర్డు వచ్చినది. దానిని నేను ఆదరముతో చూచుచున్నాను. దానితో పాడు బిడ్డలు నా బిడ్డలే. కాని ఆనాడు తాతకు తోడుగా నా వెనుక మోకరించిన బాలుడు నేడు తల నెరసిన సంఘ పెద్ద. పిల్లలెవరైన వాద్యము నేర్వగోరినచో ఆయన ముందుగా నాయొద్దకే పంపును. నెలరోజులు మెట్లు ముట్టనీయడు, వేరొకడు వాయించుచుండగా తిత్తి మాత్రమే పట్టమనును. పిల్లలు విసుగుకొందురు. ఆయన నవ్వి ఊరకుండును. ఆయన చేయుచున్నది ధర్మమని నేను సాక్ష్యమిచ్చెదను. భూమిలోనికి దిగినవారి రొమ్ములు రాయియైపోయినప్పుడు ఈ సంఘము నిలిచినది, ఒకరి పాటకు మరియొకరు గాలి నిచ్చుటవలననే గాని మరి దేనివలనను గాదు. కావున, ఇకముందు నన్నుగాని నా తరువాతి వాద్యమునుగాని చేపట్టు తరములవారికి నేను చేయు విన్నప మొక్కటే: బిడ్డలకు ముందు ఇతరుల పాటకు తిత్తి పట్టుట నేర్పుడు, తమ పాట తాము వాయించుట ఆ తరువాత నేర్పుడు.