స్లో నిలవని బండి: సటీకా తాత్పర్యము

అవతారిక

దివిసీమలో కోడూరు, అవనిగడ్డ ప్రాంతాల మెకానిక్ షెడ్లలో మౌఖికంగా ప్రచారంలో ఉన్న ఫిర్యాదు వాక్యాలలో కింద ఉదాహరించినది మిక్కిలి ప్రసిద్ధమైనది. దీని కర్త ఎవరో తెలియదు. కార్లున్న ప్రతి ఊరివారూ తమ ఊరివాడే అంటారు. దీనికి ఇంతవరకు వ్యాఖ్య లేకపోవడం వల్ల చదువరులు అర్థం పొరబడి, బాగున్న ప్లగ్గులు పారవేసి, విజయవాడ ఆటోనగర్ నుంచి అక్కరలేని సామాను తెప్పించుకొంటున్నారు కనుక ఈ టీక అవసరమైనది.

మూలం

రిపేరు చేయించిన కాడ్నించి బండి స్లోలో నిలవటంలా. కాలు పెడితే కాసేపు ఆలోచించి లేస్తంది. ఏసీ ఏస్తే ఆగిపోతంది.

ప్రతిపదార్థం

రిపేరు చేయించిన కాడ్నించి = మరమ్మతు ముగిసి ఇంటికి వచ్చిన నాటి నుంచి; బండి = పెట్రోలు కారు (ప్రకరణాన్ని బట్టి ఎడ్లబండి కాదు; డీజిలు బండికీ ఈ వ్యాఖ్య వర్తించదు); స్లోలో = యాక్సిలరేటర్ మీద కాలు లేనప్పుడు ఇంజను తిరిగే నిదానపు వేగంలో, అనగా ఐడ్లింగ్‌లో; నిలవటంలా = నిర్ణీతమైన చుట్లకు, చిన్న కార్లలో నిమిషానికి సుమారు 800 నుంచి 900 వరకు, కట్టుబడి ఉండటం లేదు; కాలు పెడితే = యాక్సిలరేటర్ తొక్కగా; కాసేపు ఆలోచించి = అరక్షణం తటపటాయించి; లేస్తంది = వేగం అందుకొంటున్నది; ఏసీ ఏస్తే = చల్లదనం కోరగా; ఆగిపోతంది = స్పష్టం.

టీక

ఈ వాక్యానికి ప్రాణం ‘కాడ్నించి’ అన్న పదంలో ఉన్నది. ‘నిలవటంలా’ దగ్గర మొదలుపెట్టిన మెకానిక్కు ఇంజను యావత్తూ విప్పవలసి వస్తుంది. ‘కాడ్నించి’ దగ్గర మొదలుపెట్టినవాడు మొన్నటి రిపేరులో ఎవరి చెయ్యి ఎక్కడ పడ్డదో అడిగి తెలుసుకొని, ముందుగా ఆ జానెడు చోటు చూస్తాడు. ఇక్కడ పూర్వపక్షి (ఇతడు సాధారణంగా ఆ రిపేరు చేసినవాడే అయి ఉంటాడు) కాకతాళీయ న్యాయాన్ని ఆశ్రయించి, కాకి వాలినప్పుడే తాటిపండు రాలినంత మాత్రాన కాకి రాల్చినట్లు కాదనీ, ఏదో సెన్సారు సరిగా ఆ రోజే కాలం చేసి ఉంటుందనీ వాదిస్తాడు. ఈ వాదం తర్కవిరుద్ధం కాదు గాని, దానిని అంగీకరించవలసింది చెయ్యి పడ్డ చోట్లన్నీ చూసిన తరువాతనే. పెట్రోలులో ఇథనాల్ కలపడం వల్లనే ఇదంతా అనేది రెండవ పూర్వపక్షం. ఇథనాల్ పాత కార్ల రబ్బరు భాగాలకు హాని చేయగలదన్నది నిజమే అయినా, అది రిపేరు తేదీ చూసుకొని పని మొదలుపెట్టదు.

స్లో అనగా ఏమిటో తెలియక దాని నిలకడను చర్చించడం వ్యర్థం. యాక్సిలరేటర్ వదిలినప్పుడు గాలి వచ్చే దారిలోని రేకు తలుపు, అనగా త్రాటిల్, దాదాపు మూసుకొంటుంది. పిస్టన్లు మాత్రం కిందికి దిగుతూ గాలిని గుంజుతూనే ఉంటాయి. అందువల్ల ఆ తలుపుకూ ఇంజనుకూ నడుమ ఉన్న మానిఫోల్డ్ అనే గొట్టాల కూడలిలో గాలి పీడనం బాగా పడిపోతుంది. దీనినే షెడ్లలో వాక్యూమ్ అంటారు. సముద్రమట్టం దగ్గర ఆరోగ్యంగా ఉన్న ఇంజను ఈ స్థితిలో వాక్యూమ్ గేజీ మీద సుమారు 17 నుంచి 21 అంగుళాల పాదరసం చూపుతుంది; కొండ ఊళ్ళలో ఎత్తును బట్టి ఈ అంకెను తగ్గించి చదువుకోవాలి గాని, కోడూరువారికి ఆ శ్రమ లేదు. కిలో పెట్రోలు పూర్తిగా మండటానికి సుమారు 14.7 కిలోల గాలి కావాలి. స్లోలో లోపలికి పోయే గాలి మొత్తమే స్వల్పం కనుక, తొడగటం మరచిన ఒక సన్నని గొట్టం గుండా చొరబడే దొంగగాలి కూడా ఆ లెక్కను తారుమారు చేస్తుంది; రోడ్డెక్కి వేగం అందుకున్నాక అదే దొంగగాలి పెద్ద మొత్తంలో కలిసిపోయి జాడ తెలియదు. అవనిగడ్డ దాకా బాగానే వచ్చిన బండి మాఘ పౌర్ణమి నాడు హంసలదీవి దారిలో, జనం మధ్య నత్తనడక నడిచేటప్పుడు మాత్రమే మొరాయించడానికి కారణమిదే.

దొంగగాలి చొరబడే ఒకే రంధ్రానికి రెండు విరుద్ధ లక్షణాలు ఉండటం ఈ శాస్త్రంలోని చిక్కు. కార్బరేటర్ బండిలోనూ, వచ్చే గాలిని త్రాటిల్‌కు ముందే తూచే ఎయిర్ ఫ్లో సెన్సారున్న బండిలోనూ దొంగగాలి లెక్కకు అందదు కనుక, పెట్రోలు చాలక స్లో పడిపోయి ఇంజను వణుకుతుంది. మానిఫోల్డ్ పీడనాన్ని చూసి గాలిని అంచనా కట్టే మ్యాప్ సెన్సారున్న బండిలో మాత్రం, పీడనం పెరిగిన సంగతి కంప్యూటర్‌కు తెలిసి తగిన పెట్రోలు కూడా పోస్తుంది గనుక, స్లో తరచు పైకి పోతుంది. అందుచేత మూలంలోని ‘నిలవటంలా’ పడిపోవడమా, ఎగిరిపోవడమా, పడి లేవడమా అన్నది యజమానిని అడగక తీర్మానించరాదు.

శుభ్రం చేయడమే దోషమైన సందర్భం ఒకటి ఉన్నది. త్రాటిల్ అంచున మసి పేరుకొన్న కొద్దీ గాలిదారి ఇరుకై, కంప్యూటర్ ఆ మేరకు దారిని కాస్త ఎక్కువ తెరవడం నేర్చుకొంటుంది. మెకానిక్ మసి కడిగి, నేర్చిన దానిని చెరపకుండా వదిలితే గాలి ఎక్కువై స్లో పెరుగుతుంది. మసిని అట్లాగే ఉంచి బ్యాటరీ తీగ మాత్రం విప్పితే, అనేక బళ్ళలో నేర్చినది పోయి, మసి మిగిలి, స్లో కుంగుతుంది. మొదటి బండి మురికిని మరచిపోలేదు, రెండవది మరచిపోయింది. రెండింటి యజమానులూ కొత్త సెన్సారు కొనడానికే సిద్ధపడతారు. స్కానర్‌తో కంప్యూటర్‌కు మళ్ళీ నేర్పించడమో (రీలెర్న్), కంపెనీ పుస్తకంలో చెప్పిన పద్ధతిలో ఇంజనును కొంతసేపు స్లోలో తిరగనివ్వడమో ఇక్కడ చికిత్స.

‘ఆలోచించి’ అన్నచోట, త్రాటిల్ హఠాత్తుగా తెరవగానే గాలి ముందు దూకుతుంది, పెట్రోలు వెనుకబడుతుంది అని గ్రహించాలి. ఆ లోటు తీర్చడానికి కార్బరేటర్‌లో యాక్సిలరేటర్ పంపు అనే చిన్న చిమ్మనగొట్టం ఉంటుంది. దాని పొర కూర్పులో నలిగినా చిరిగినా చిమ్మడం మానుకొంటుంది. ఇంజెక్షన్ బళ్ళలో ఈ పని త్రాటిల్ ఎంత తెరుచుకున్నదో చెప్పే సెన్సారు మాట మీద నడుస్తుంది కనుక, దాని కనెక్టరు ‘టక్’మని కూర్చున్నదో లేదో చూడాలి. సముద్రపు ఉప్పుగాలి తగిలే ఈ సీమలో కనెక్టరు ఊడకపోయినా లోపలి పిన్నులకు చిలుము పట్టి ఉండవచ్చు. పాత బళ్ళలో డిస్ట్రిబ్యూటరుకు పోయే వాక్యూమ్ గొట్టం తొడగకపోయినా బండి ఆలోచిస్తుంది. ప్లగ్గు తీగలు తారుమారైతే ఆలోచన ఉండదు, కంపమే ఉంటుంది, అది అన్వయదోషం. అంబాసిడర్ ఇంజనులో నిప్పురవ్వ 1, 3, 4, 2 అన్న వరుసలో అందవలసి ఉండగా అంకెల వరుసలో తొడిగినవాడు పద్యాన్ని దండాన్వయం లేకుండా అర్థం చెప్పబోయినవానితో సమానుడు.

దొంగగాలిని పట్టడానికి నైయాయికుల అన్వయవ్యతిరేకాలే చాలు. ఇంజను తిరుగుతుండగా ఒక్కొక్క వాక్యూమ్ గొట్టాన్ని మెల్లగా నొక్కి పట్టాలి. నొక్కితే స్లో కుదురుకొని, వదిలితే మళ్ళీ చెడినట్లయితే దోషం ఆ గొట్టానిదో దాని అవతలి సాధనానిదో అవుతుంది. బ్రేకు పని చేయించిన బండిలో మొదట నొక్కవలసింది బ్రేకు బూస్టరుకు పోయే లావు గొట్టాన్ని. కీళ్ళ మీద కార్బ్ క్లీనర్ చల్లి చుట్లు మారతాయేమో చూడటం షెడ్లలో వాడుక. వేడెక్కిన సైలెన్సర్ గొట్టం పక్కన ఆ ద్రవం భగ్గుమంటుందని తెలిసినవారు సబ్బునీళ్ళతోనే సరిపెట్టుకొంటారు.

ఏసీ సంగతి సులభం. ఏసీ కంప్రెసర్ భారం పడగానే స్లోను కొంచెం లేపవలసిన ఏర్పాటు ఏసీ ఉన్న బళ్ళలో సాధారణంగా ఉంటుంది. కార్బరేటర్ బళ్ళలో అది తరచు వాక్యూమ్ మీదనే నడుస్తుంది. కనుక పైన చెప్పిన దొంగగాలి గొట్టం దొరికితే ఇదీ సాధారణంగా దానితోనే తీరుతుంది.

తాత్పర్యం

రిపేరులో విప్పినవాటిలో ఏదో ఒకటి తిరిగి తొడగలేదు, లేదా తొడిగినది పూర్తిగా కూర్చోలేదు, లేదా కంప్యూటర్ నేర్చినదానికీ ఇంజను ఉన్న స్థితికీ పొత్తు కుదరలేదు.

పాఠాంతరం

కొన్ని ప్రతులలో మూలం చివర ‘అంతకుముందూ కొంచెం ఉండేదిలే’ అని కనిపిస్తుంది. ఈ పాఠమే సాధువైతే ‘కాడ్నించి’ పదం నిరర్థకమై, పై టీక అంతా వీగిపోయి, వాల్వు సందులు, కంప్రెషన్, పెట్రోలు పంపు పీడనం మొదలుకొని చూడవలసి ఉంటుంది. ఈ పాఠం సాధారణంగా బిల్లు కట్టే వేళకు గాని బయటపడదు.